చార్లీ చాప్లిన్: లండన్ పేదవాడల నుంచి వెండితెర దాకా (తరచుగా అడిగే ప్రశ్నలు)

చాప్లిన్ అనగానే ఆ చిన్న మీసం, పెద్ద బూట్లు, చేతికర్ర కళ్ళ ముందుకొస్తాయి. ఆ వేషం పుట్టింది 1914లో. అప్పటికి అతనికి 24 ఏళ్ళు. అంతకు ముందు కథ మాత్రం "బాగా బీదవాడట, సినిమాల్లోకి వెళ్ళి ఒక్కసారిగా స్టార్ అయిపోయాడట" అన్న రెండు ముక్కల్లో తేలిపోతుంటుంది. మొదటి ముక్క నిజం. రెండోది నిజం కాదు. అందుకే ఈ జవాబుల్లో ఎక్కువ భాగం ఆ తొలి ఏళ్ళ గురించే రాశాను. చిన్ననాటి సంఘటనలు చాలావరకు 1964లో వచ్చిన ఆత్మకథలో చాప్లిన్ స్వయంగా చెప్పుకున్నవి.

చాప్లిన్ ఎప్పుడు, ఎక్కడ పుట్టాడు?

1889 ఏప్రిల్ 16న, లండన్‌లో. జనన ధ్రువపత్రం దొరకలేదు. థేమ్స్ నదికి దక్షిణాన వాల్‌వర్త్‌లోని ఈస్ట్ స్ట్రీట్‌లో పుట్టానని అతను చెప్పుకునేవాడు. తర్వాత తన సినిమాలో వెక్కిరించిన హిట్లర్ పుట్టింది కూడా ఆ నెలలోనే, సరిగ్గా నాలుగు రోజుల తేడాతో.

తల్లిదండ్రులు ఏం చేసేవారు?

ఇద్దరూ మ్యూజిక్ హాల్ గాయకులు. టీవీ, సినిమా లేని ఆ రోజుల్లో లండన్ జనానికి సాయంత్రపు కాలక్షేపం మ్యూజిక్ హాలే. పాటలు, డాన్సులు, గారడీ, హాస్య స్కెచ్‌లు ఒకదాని వెంట ఒకటి నడిచేవి. తండ్రి పేరు కూడా చార్లెస్ చాప్లినే. మంచి గొంతు, మంచి పేరు ఉన్న మనిషి, తాగుడు అలవాటైంది. తల్లి హానా చెప్పులు కుట్టే ఇంటి పిల్ల, స్టేజీ మీద లిలీ హార్లీ అనే పేరుతో పాడేది. చార్లీకి ఊహ తెలిసేసరికే ఇద్దరూ విడిపోయారు.

చార్లీకి నాలుగేళ్ళు పెద్దవాడు సిడ్నీ, తల్లికి అంతకు ముందు పుట్టిన కొడుకు. ఈ అన్న పేరు కాస్త గుర్తుపెట్టుకోండి. చాప్లిన్ జీవితంలో ప్రతి మలుపు దగ్గరా సిడ్నీ కనిపిస్తాడు, అయినా చాప్లిన్ గురించి రాసే వ్యాసాల్లో అతనికి దక్కేది ఒక్క వాక్యమే.

ఐదేళ్ళకే స్టేజీ ఎక్కాడన్నది నిజమేనా?

ఆత్మకథలో అలాగే రాసుకున్నాడు. ఆల్డర్‌షాట్ అనే చోట ఒక హాల్లో హానా పాడుతుంటే గొంతు పోయింది. అక్కడికి వచ్చేది ఎక్కువగా సైనికులు, అల్లరి మూక. ఈలలు, వెక్కిరింతలు మొదలుపెట్టారు. ఆమె లోపలికి వచ్చేసింది. పక్కన నిలబడ్డ పిల్లవాడు ఇంతకు ముందు తల్లి స్నేహితుల ముందు పాడటం మేనేజరు చూసి ఉన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్టేజీ మధ్యలో నిలబెట్టాడు.

చార్లీ అప్పట్లో అందరి నోటా ఉన్న పాట ఒకటి ఎత్తుకున్నాడు. సగంలో చిల్లర వర్షంలా పడింది. పిల్లవాడు పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుని తర్వాత పాడతానని ప్రేక్షకులకు చెప్పాడు. హాలంతా నవ్వు. మేనేజరు రుమాలు తెచ్చి ఏరడంలో సాయం చేయబోతే, ఆ డబ్బు అతనే ఉంచేసుకుంటాడేమోనని చార్లీకి భయం. అతని వెనకే నడుస్తూ వెళ్ళి, మూట తల్లి చేతికి చేరాకే తిరిగొచ్చి పాట అందుకున్నాడు. మళ్ళీ నవ్వు. ఆ ఊపులో తల్లి పాటను, గొంతు చీలిపోవడంతో సహా, అనుకరించి పాడాడట. నా వరకు ఈ కథలో కలుక్కుమనే చోటు ఇదే. తల్లి గొంతు పోయిందన్న సంగతే ఆ రాత్రి అందరినీ నవ్వించింది, నవ్వించింది కొడుకు. ఏం చేస్తున్నాడో ఆ వయసులో అతనికి తెలియదు. హానా గొంతు మాత్రం మళ్ళీ సరిగ్గా కుదుటపడలేదు.

వర్క్‌హౌస్‌లో పెరిగాడంటారు. అదేమిటి?

గతిలేని పేదలకు అప్పట్లో ఇంగ్లండులో ప్రభుత్వం నడిపిన ఆశ్రయం. కూడు, గూడు ఇచ్చేవారు, బదులుగా పని చేయించుకునేవారు. అక్కడికి వెళ్ళడమంటే పరువు పూర్తిగా పోయినట్టే. మగవాళ్ళని, ఆడవాళ్ళని, పిల్లల్ని వేరువేరు వార్డుల్లో ఉంచేవారు. గొంతు పోయాక హానా కుట్టుపనితో నెట్టుకొచ్చింది, అదీ సాగలేదు. 1896లో ముగ్గురూ లండన్‌లోని లాంబెత్ ప్రాంతపు వర్క్‌హౌస్‌లో చేరారు. చార్లీకి ఏడేళ్ళు. కొద్ది వారాలకే పిల్లలిద్దరినీ ఊరి బయట హాన్‌వెల్‌లో ఉన్న పేదపిల్లల బడికి పంపేశారు. చార్లీ అక్కడ ఏడాదిన్నర గడిపాడు. తామర సోకితే గుండు గీయించి, మందు పూసి, వేరే వార్డులో పెట్టారు. ఆ కిటికీలోంచి కింద ఆడుకునే పిల్లల్ని చూడటానికి కూడా సిగ్గుపడ్డానని రాశాడు.

1898లో మరోసారి వర్క్‌హౌస్. ఈసారి జరిగిన ఒక విషయం చెప్పాలి. పిల్లల్ని చూడాలనిపించి హానా ఒక ఉపాయం పన్నింది. మేం వెళ్ళిపోతున్నాం అని అధికారులకు చెప్పి, ముగ్గురి పేర్లూ కొట్టేయించుకుని, పిల్లలతో గేటు బయటకు వచ్చింది. సిడ్నీ దగ్గర తొమ్మిది పెన్నీలు ఉన్నాయి. అరపౌండు బరువు చెర్రీ పళ్ళు కొనుక్కుని కెన్నింగ్‌టన్ పార్కులో బెంచీ మీద కూర్చుని తిన్నారు. సిడ్నీ వార్తాపత్రిక కాగితాన్ని ఉండ చేసి దారం చుట్టాడు, దాంతో ముగ్గురూ బంతాట ఆడారు. మధ్యాహ్నం మిగిలిన డబ్బుతో ఒక కేకు, ఒక ఎండుచేప, రెండు కప్పుల టీ తీసుకుని పంచుకున్నారు. సాయంత్రం, సరిగ్గా టీ వేళకి, మళ్ళీ వర్క్‌హౌస్ గేటు దగ్గర ప్రత్యక్షం. అధికారులకు ఒళ్ళు మండిపోయింది. బట్టలు ఆవిరి పట్టడం, పేర్లు రాయడం అన్నీ మొదటి నుంచి చేయాలి మరి. తర్వాత చాప్లిన్ తీసిన సినిమాల్లో నిబంధనల సందులోంచి దూరి ఒక్క పూట హాయిగా గడిపే బీదవాణ్ణి చూసినప్పుడల్లా నాకు హానా గుర్తొస్తుంది.

తల్లికి ఏమైంది?

మతి చలించింది. 1898 సెప్టెంబరులో కేన్ హిల్ మానసిక చికిత్సాలయానికి పంపారు. కొన్ని నెలల్లో కోలుకుని వచ్చింది, పిల్లలతో మళ్ళీ ఇల్లు పెట్టింది. 1903లో తిరగబెట్టింది. ఆ రోజు చార్లీ ఇంటికి వస్తుంటే గేటు దగ్గర వాడకట్టు పిల్లలు "మీ అమ్మకి పిచ్చెక్కింది" అన్నారు. ఇంటింటికీ వెళ్ళి పిల్లలకు పుట్టినరోజు కానుకలంటూ బొగ్గు ముక్కలు పంచిందట. చార్లీయే ఆమెను నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. వయసు 14. అన్న ఓడ మీద పనికి వెళ్ళి ఉన్నాడు. అన్న వచ్చేదాకా ఇంటి యజమానురాలికి, అధికారులకు కనబడకుండా, దొరికింది తింటూ తిరిగాడు. మళ్ళీ ఏదైనా సంస్థలో వేసేస్తారన్న భయం.

తండ్రి పట్టించుకోలేదా?

పెద్దగా లేదు. కోర్టు ఆదేశం మీద 1898లో రెండు నెలల పాటు పిల్లలిద్దరినీ తన ఇంట్లో పెట్టుకోవాల్సి వచ్చింది. అక్కడ తండ్రి, అతనితో ఉంటున్న లూయీజ్, ఇద్దరికీ తాగుడే. 1901లో, నలభై నిండకుండానే, తాగుడు వల్ల వచ్చిన జబ్బుతో పోయాడు.

బడికి వెళ్ళాడా?

వెళ్ళాడు, కానీ ముక్కలు ముక్కలుగా. ఒకచోట నిలకడగా చదివింది లేదు. బడిలో అతనికి మిగిలిన మంచి జ్ఞాపకం ఒక్కటే. ఓ దుకాణం కిటికీలో అంటించిన పిల్లి పద్యాన్ని తల్లి రాసుకుని వచ్చి నేర్పింది. అతను చదువుతుంటే విన్న మాస్టారు పడీపడీ నవ్వి, మర్నాడు ప్రతి తరగతికీ తిప్పి చదివించాడు. అంతవరకూ ఎవరికీ పట్టని పిల్లవాడు ఒక్కరోజులో బడికంతా తెలిశాడు.

హాస్యం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు?

మొదటి గురువు తల్లే. హానా కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళని చూస్తూ, వాళ్ళ నడక, మొహం, చేతులు అనుకరించేది. ఫలానా మనిషి బూట్లకి పాలిష్ లేదు, మొహం కోపంగా ఉంది, పెళ్ళాంతో గొడవపడి టిఫిన్ చేయకుండా వచ్చుంటాడు అని ఊహించి చెప్పేదట. మనిషి కదలికలోంచి వాడి కథ చదవడమన్న మాట. చాప్లిన్ నటనంతా దీని మీదే నిలబడింది.

రెండోది వీధి. వాళ్ళ ఇంటి దగ్గరలో ఒక కబేళా ఉండేది. ఒకరోజు అక్కడికి తోలుకెళ్తున్న గొర్రె ఒకటి తప్పించుకుని వీధిలో పరుగు అందుకుంది. పట్టుకోబోయేవాళ్ళు జారిపడ్డారు, ఒకరినొకరు గుద్దుకున్నారు. గొర్రె గంతులు, ఆ కంగారు చూసి వీధంతా నవ్వింది, చార్లీ కూడా విరగబడి నవ్వాడు. చివరికి దాన్ని పట్టుకుని లోపలికి లాక్కెళ్తుంటే అసలు సంగతి తలకెక్కింది. ఏడుస్తూ ఇంట్లోకి పరుగెత్తి "దాన్ని చంపేస్తారమ్మా" అని తల్లిని పట్టుకున్నాడు. తన సినిమాల్లో నవ్వూ దుఃఖమూ కలిసిపోవడానికి పునాది ఆ రోజే పడిందేమోనని పెద్దయ్యాక రాశాడు.

మొదటి సంపాదన ఎలా వచ్చింది?

డాన్సుతో. తొమ్మిదేళ్ళు దాటాక "ఎయిట్ లాంకషైర్ లాడ్స్" అనే బాలల బృందంలో చేరాడు. చెక్క అడుగు బూట్లతో టకటకమంటూ అడుగులు వేసే నృత్యం వాళ్ళది. తిండి, బస బృందానివే, తల్లికి వారానికి రెండున్నర షిల్లింగులు పంపేవారు. ఊరూరా తిరుగుతూ పెద్దపెద్ద హాస్యగాళ్ళ పని దగ్గరుండి చూశాడు.

1900 క్రిస్మస్ సీజన్లో లండన్ హిప్పొడ్రోమ్‌లో "సిండరెల్లా" వేశారు. చార్లీకి పిల్లి వేషం. ఒక పిల్లల షోలో సొంత తెలివి వాడాడు. కుక్క వేషం వేసినవాడి వెనక్కి వెళ్ళి వాసన చూసి, ప్రేక్షకుల వైపు తిరిగి ఆశ్చర్యపోయినట్టు కన్ను కొట్టాడు. పిల్లి తలలో ఒక దారం లాగితే కన్ను మూసుకునే ఏర్పాటు ఉంది. జనం విరగబడి నవ్వారు. పక్క తెరల్లోంచి మేనేజరు "ఆపు, ఆపు" అని చేతులు ఊపుతూనే ఉన్నాడు. అప్పట్లో నాటకాలకు సెన్సారు ఉండేది, థియేటరు మూయిస్తారని అతని టెన్షన్.

మధ్యలో ఖాళీగా ఉన్న రోజుల్లో పేపర్లు అమ్మాడు, ప్రెస్సులో పనిచేశాడు, బొమ్మలు తయారుచేశాడు, ఒక డాక్టరు దగ్గర కుర్రాడిగా ఉన్నాడు. ఏ పని చేసినా నాటకాల ఏజెంట్ ఆఫీసుకి వెళ్ళిరావడం మాత్రం మానలేదు.

నాటకాల్లో అవకాశం ఎలా వచ్చింది?

1903లో, తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడే. ఏజెంట్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. పాత్ర ఇస్తూ స్క్రిప్టు చేతిలో పెట్టారు. అక్కడే చదివి వినిపించమంటారేమోనని వణికిపోయాడు, ఎందుకంటే చదవడం సరిగ్గా రాదు. అదృష్టం బాగుండి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. జీతం వారానికి రెండు పౌండ్ల పది షిల్లింగులు. ఆ మాట వినగానే సిడ్నీ కళ్ళు చెమర్చాయట. ఆ అన్నే పక్కన కూర్చుని చదివి వినిపిస్తూ మూడు రోజుల్లో పాత్రంతా కంఠస్థం చేయించాడు.

ఆ నాటకం రెండు వారాలకే ఆగిపోయింది. అయినా పత్రికలు కుర్రవాణ్ణి మెచ్చుకున్నాయి. వెంటనే షెర్లాక్ హోమ్స్ నాటకంలో బిల్లీ అనే పనికుర్రాడి పాత్ర. 1906 దాకా దాంతోనే ఊళ్ళు తిరిగాడు. కొన్నాళ్ళకు అదే నాటకంలో అన్నకి కూడా వేషం ఇప్పించాడు.

ఎప్పుడూ దెబ్బతినలేదా?

గట్టిగానే తిన్నాడు. ఫ్రెడ్ కార్నో హాస్య స్కెచ్‌ల కంపెనీలో చేరకముందు, ఒంటరిగా స్టేజీ మీద జోకులు చెప్పి పేరు తెచ్చుకోవాలనుకున్నాడు. అప్పట్లో యూదు వేషం వేసుకుని జోకులేసే కమెడియన్లకు గిరాకీ. ఒక జోకుల పుస్తకం పట్టుకుని, గడ్డం అంటించుకుని, లండన్‌లో యూదులు ఎక్కువగా ఉండే పేటలో ఫారెస్టర్స్ మ్యూజిక్ హాల్లో దిగాడు. జోకులు పాతవి. పైగా వాళ్ళ జాతినే కించపరిచేవి, ఆ సంగతి కుర్రవాడికి తట్టలేదు. ఒకటి రెండు జోకులకే చిల్లర, నారింజ తొక్కలు మీద పడ్డాయి. కాళ్ళతో నేల తన్నుతూ అరిచారు. సంగీతం కాగితాలు కూడా అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ అటువైపు పోలేదు.

ఈ ఓటమి అతనికి మేలే చేసిందని నా నమ్మకం. నోటి జోకు తన దారి కాదని ఆ రాత్రే తేలిపోయింది. ఒంటితో చెప్పే హాస్యం వైపు మళ్ళాడు.

ఫ్రెడ్ కార్నో ఎవరు?

మూకాభినయంతో హాస్య స్కెచ్‌లు వేయించే కంపెనీల యజమాని. ఒకేసారి ఎన్నో బృందాలు నడిపేవాడు. సిడ్నీ 1906లో అక్కడ చేరాడు, తమ్ముణ్ణి తీసుకోమని వెంటపడ్డాడు. చూస్తే చార్లీ పీలగా, పాలిపోయి, ముభావంగా ఉన్నాడు. వీడేం నవ్విస్తాడని కార్నోకి అనుమానం. 1908లో రెండు వారాలు చూద్దామన్నాడు.

మొదటి రాత్రి లండన్ కొలీసియంలో ఫుట్‌బాల్ స్కెచ్. చార్లీ ప్రేక్షకులకు వీపు చూపిస్తూ వచ్చాడు. వెనక నుంచి చూస్తే నీటైన కోటు, టోపీ, చేతికర్రతో పెద్దమనిషి. ఠక్కున తిరిగితే తాగుబోతు ఎర్రముక్కు. నవ్వు మొదలైంది, అక్కణ్ణుంచి ఆగలేదు.

కార్నో దగ్గర పని అంటే కఠోర సాధన. ఒకే స్కెచ్ నెలల తరబడి, ఒక్కో రాత్రి రెండు మూడు హాళ్ళలో. ఎప్పుడు తిరగాలి, ఎప్పుడు పడాలి, ఎంతసేపు ఆగి చూడాలి అన్నది లెక్క తప్పకూడదు. చాప్లిన్‌కి బాగా పేరు తెచ్చింది తాగిన షోకిలా వేషం. నాటకంలో నాటకం అది. స్టేజీ పక్కన ప్రత్యేక సీట్లుండే బాక్సులో కూర్చున్న ఈ తాగుబోతు కరెంటు బల్బుకి సిగరెట్ అంటించుకోబోతాడు, ఎవరో అగ్గిపుల్ల అందిస్తే ముందుకు వంగి బాక్సులోంచి స్టేజీ మీద పడిపోతాడు. ఇంత ఒళ్ళు హూనమయ్యే పని చేస్తూ ఒక్క క్షణం కూడా పెద్దమనిషి తరహా వదలడు. 1910లో కార్నో బృందంతో అమెరికా వెళ్ళాడు. ఆ బృందంలో అతని పక్కనున్న కుర్రాడు తర్వాతి కాలంలో లారెల్-హార్డీ హాస్య జంటలో ఒకడైన స్టాన్ లారెల్.

సినిమాల్లోకి ఎలా వచ్చాడు?

రెండో అమెరికా పర్యటనలో ఉండగా 1913లో బృందం మేనేజరుకి ఒక టెలిగ్రాం వచ్చింది. మీ కంపెనీలో చాఫిన్ అనో, అలాంటి పేరుతోనో ఒకతను ఉన్నాడా అని. పేరు కూడా సరిగ్గా తెలియకుండా పిలిచారు. కీస్టోన్ అనే కామెడీ సినిమాల కంపెనీ, వారానికి 150 డాలర్ల జీతం. స్టేజీ మీద తాగుబోతును చూసి నడివయసు మనిషి అనుకున్న కీస్టోన్ అధిపతి మాక్ సెనెట్, ఎదుట 24 ఏళ్ళ కుర్రవాణ్ణి చూసి కంగుతిన్నాడు. ఎంత ముసలివాడిగా కావాలంటే అంతలా మేకప్ వేసుకోగలనని చాప్లిన్ జవాబు.

1914 ఫిబ్రవరి 2న మొదటి సినిమా విడుదలైంది. అందులో దేశదిమ్మరి వేషం లేదు. తను చేసినదాన్ని ఎడిటింగులో పాడుచేశారని చాప్లిన్ చాలా బాధపడ్డాడు.

ఆ మీసం, ఆ వేషం ఎలా పుట్టాయి?

ఏదైనా కామెడీ మేకప్ వేసుకుని రమ్మని సెనెట్ పంపాడు. బట్టల గదికి వెళ్తూ చాప్లిన్ అనుకున్నది ఒక్కటే, ఒకదానికొకటి పొసగకూడదు. ప్యాంటు వదులు, కోటు బిగుతు. టోపీ చిన్నది, బూట్లు పెద్దవి. సెనెట్ తనను పెద్దవాడనుకున్నాడు కదా అని వయసు కనిపించడానికి మీసం పెట్టాడు. చిన్నది ఎందుకంటే మొహంలో భావాలు కప్పేయకూడదని. బట్టలు వేసుకునేదాకా ఆ మనిషి ఎవరో తనకూ తెలియదని, సెట్‌లోకి నడిచేసరికి పూర్తిగా పుట్టేశాడని రాశాడు.

మొదట ఈ వేషంతో తీసింది ఒక హోటల్ కథ. అయితే అంతకన్నా ముందు జనం ముందుకు వచ్చింది ఇంకోటి, ఫిబ్రవరి 7న విడుదలైన కార్ల పందెం సినిమా. కెమెరాకి అడ్డం పడుతూ, తోస్తే మళ్ళీ వచ్చి నిలబడే ఒక మనిషి. ప్రపంచం చాప్లిన్ని ఇలా మొదటిసారి చూసింది.

ఎంత త్వరగా పేరొచ్చింది?

ఏడాదిలో. 1914లోనే ముప్పై అయిదుకు పైగా చిత్రాలు, చాలావాటికి దర్శకుడూ తనే. తర్వాతి ఏడాది ఎస్సనే కంపెనీలో వారానికి 1,250 డాలర్లు. 1916లో మ్యూచువల్ కంపెనీతో వారానికి 10,000, పైన లక్షా యాభై వేలు, అంటే ఏడాదికి 6,70,000 డాలర్లు. అప్పటికి 26 ఏళ్ళు. 1917లో ఫస్ట్ నేషనల్‌తో ఎనిమిది సినిమాలకు పది లక్షలు. 1919లో సినీతారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్, దర్శకుడు గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సినిమా సంస్థ పెట్టాడు.

తనకెంత పేరొచ్చిందో స్టూడియోలో పనిచేసుకునే మనిషికి తెలియలేదు. 1916లో రైల్లో న్యూయార్క్ బయల్దేరాడు. దారిలో అమరిల్లో స్టేషన్లో గడ్డం గీసుకుంటుంటే ప్లాట్‌ఫారం నిండా జనం, మేయరు స్వయంగా వచ్చాడు. తర్వాతి స్టేషన్లలో కూడా అంతే. న్యూయార్క్‌లో జనాన్ని అదుపు చేయలేమని, ముందు స్టేషన్లోనే దిగిపొమ్మని పోలీసులు కబురు పంపారు.

సిడ్నీ పాత్ర ఏమిటి?

పైన చెప్పిన మ్యూచువల్ ఒప్పందం బేరమాడింది సిడ్నీ. ఫస్ట్ నేషనల్ ఒప్పందం కూడా. తను స్వయంగా మంచి హాస్యనటుడు, కీస్టోన్‌లో సొంతంగా సినిమాలు చేశాడు. ఆ పని పక్కన పెట్టి తమ్ముడి వ్యవహారాలు చూసుకున్నాడు. పాత్ర కంఠస్థం చేయించిందీ అతనే, కార్నో దగ్గర చేర్చిందీ అతనే, కోటీశ్వరుణ్ణి చేసిందీ అతనే. చాప్లిన్ ప్రతిభకు ఇందులో ఏ లోటూ లేదు. కానీ సిడ్నీ లేకపోతే ఆ ప్రతిభ ఏ దక్షిణ లండన్ సందులోనో ఆగిపోయేదని గట్టిగా అనిపిస్తుంది.

"ది కిడ్" అతని సొంత కథేనా?

కథ సొంతది కాదు, గది సొంతది. 1921లో వచ్చిన ఆ సినిమాలో ఏటవాలు కప్పు కింద ఇరుకు అటక గది, వీధి, అనాథల్ని తీసుకుపోవడానికి వచ్చే అధికారులు, అన్నీ తను చూసినవే. ఇంకో బాధ కూడా ఉంది. 1919 జులైలో మొదటి బిడ్డ పుట్టి మూడు రోజులకే పోయాడు. ఆ వెంటనే పిల్లవాడితో సినిమా పని మొదలుపెట్టాడు. ఆ పిల్లవాడి వేషం వేసిన జాకీ కూగన్ని లారీలో ఎక్కించుకుపోతుంటే చాప్లిన్ ఇంటి కప్పుల మీద పరుగెత్తే ఘట్టం ఇప్పటికీ నన్ను కదిలిస్తుంది. హాన్‌వెల్ బడికి వెళ్ళే బండి ఎక్కిన పిల్లవాడు తీసిన సీను అది.

తల్లి అతని వైభవం చూసిందా?

1921లో కొడుకులు ఆమెను కాలిఫోర్నియా తీసుకొచ్చి, ఇల్లు, నర్సు ఏర్పాటు చేశారు. 1928లో పోయేదాకా అక్కడే ఉంది.

గాంధీజీని కలిశాడంటారు, నిజమేనా?

నిజమే. 1931 సెప్టెంబరు 22న లండన్‌లో, రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీజీ వచ్చినప్పుడు. చాప్లిన్ పుట్టినలాంటి పేదల పేటలోనే, ఒక భారతీయ డాక్టరు ఇంట్లో. గాంధీజీ అతని సినిమాలు చూసి ఉండలేదు. యంత్రాలంటే మీకెందుకు అంత వ్యతిరేకత అని చాప్లిన్ అడిగాడు. యంత్రాలు మమ్మల్ని ఇంగ్లండు మీద ఆధారపడేలా చేశాయి, ఆ ఆధారం పోవాలంటే యంత్రంతో తయారైన సరుకు మానుకోవాలి అన్న అర్థంలో గాంధీజీ వివరించాడు. ఐదేళ్ళ తర్వాత ఫ్యాక్టరీ యంత్రాల్లో ఇరుక్కున్న కార్మికుడి మీద "మోడరన్ టైమ్స్" తీశాడు.

పెళ్ళిళ్ళ మీద విమర్శలు ఎందుకు?

న్యాయమైన విమర్శలే. నాలుగు పెళ్ళిళ్ళు. మొదటి ఇద్దరు భార్యలకు పెళ్ళి నాటికి పదహారేళ్ళే. గొప్ప కళాకారుడన్న కారణంతో దీన్ని దాటవేయడం నాకు నచ్చదు. 1943లో ఊనా ఓనీల్‌ని చేసుకున్నాడు. ఆమెకు 18, అతనికి 54. ఆ కాపురం చివరిదాకా నిలిచింది, ఎనిమిది మంది పిల్లలు.

అమెరికా ఎందుకు వదిలేశాడు?

కమ్యూనిస్టు అనుమానాలు. అమెరికా పౌరసత్వం ఎప్పుడూ తీసుకోలేదు. 1952లో లండన్‌కి ఓడలో ఉండగా తిరిగొచ్చే అనుమతి రద్దు చేశారు. స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. 1972లో ప్రత్యేక ఆస్కార్ కోసం మళ్ళీ వెళ్ళినప్పుడు సభ లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. 1975లో బ్రిటన్ రాణి సర్ బిరుదు ఇచ్చింది. 1977 క్రిస్మస్ రోజున కన్నుమూశాడు.

కష్టాలు పడబట్టే గొప్ప హాస్యనటుడయ్యాడా?

ఈ మాట చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. లాంబెత్ వర్క్‌హౌస్‌లో వందల మంది పిల్లలు ఉండేవారు. ఆకలి వాళ్ళకూ ఒకటే. అందులోంచి చాప్లిన్‌లు రాలేదు. ఆకలి అతనికి విషయం ఇచ్చింది, పనితనం ఇవ్వలేదు. పనితనం కిటికీ దగ్గర తల్లి నుంచి, చెక్కబూట్ల డాన్సు నుంచి, మూడేళ్ళ నాటకం నుంచి, కార్నో దగ్గర ఐదారేళ్ళ సాధన నుంచి వచ్చింది. కెమెరా ముందుకు వచ్చేసరికి అతని వెనక పదిహేనేళ్ళ స్టేజీ అనుభవం ఉంది. కష్టాలను పొగడటం మొదలుపెడితే, ఆ కష్టాల్లో మతి పోగొట్టుకున్న హానాకి అన్యాయం చేసినట్టే.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

పెద్ద సినిమాలతో వద్దు. మ్యూచువల్ కంపెనీకి 1916, 1917లలో తీసిన పన్నెండు చిన్న చిత్రాలతో మొదలుపెట్టండి, ఒక్కోటి అరగంట లోపే. ముందు "వన్ ఏ.ఎం." చూడండి. తాగి ఇంటికొచ్చిన ధనవంతుడు మంచం ఎక్కడానికి పడే పాట్లు, దాదాపు అంతా చాప్లిన్ ఒక్కడే. కార్నో దగ్గర నేర్చినదంతా అందులో కనిపిస్తుంది. తర్వాత "ఈజీ స్ట్రీట్", అందులో లండన్ పేదవాడ ఉంది. ఆ తర్వాత "ది కిడ్", "సిటీ లైట్స్".

ఒక జాగ్రత్త. మూకీల్లో చాలావాటిని తక్కువ వేగంతో తీశారు. వాటిని ఇప్పటి వేగంతో నడిపిన పాత కాపీల్లో మనుషులు గబగబా గెంతుతున్నట్టు ఉంటారు, అసలు నటన కనిపించదు. బాగుచేసి సరైన వేగంతో విడుదల చేసిన కాపీలు దొరుకుతున్నాయి, వెతికి అవే చూడండి.